పద్నాలుగు వందల మీద ఆగిన సూది

ఆటోమేటిక్ గేరు బండిని పావుమైలు పందేనికి తయారుచేసే కుర్రాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు ఛత్రినాకలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. చాయ్ చేతికి రాకముందే అడిగేది ఒకటే మాట. "సార్, ఎంత మీద వదలాలె?" అంటే, పందెం మొదలయ్యే గీత దగ్గర బ్రేకు తొక్కిపట్టి, ఇంజనును నిమిషానికి ఎన్ని చుట్ల వేగం దాకా లేపి, అప్పుడు బ్రేకు వదలాలి అని. నేనొక అంకె చెబితే రాసుకుని పోదామని వాళ్ల తొందర. అంకెదేముంది, చెబుతాను. పద్నాలుగు వందలు. కాకపోతే అది మీ బండికి పనికిరాదు. ఆ అంకె ఒక బండిది, ఒక నేలది, ఒక మనిషి కాలిది.

ముప్పై ఏళ్లకు పైగా గేరు పెట్టెలు విప్పి బిగించాను. ఎక్కడెక్కడ పనిచేశాను, ఎవరెవరు మెచ్చుకున్నారు, అవన్నీ చెప్పుకుంటే నాకు బాగుంటుంది గానీ మీకు ఒరిగేదేమీ లేదు. ఆ పద్నాలుగు వందల అంకె ఎలా దొరికిందో చెబుతాను. దానికోసం ఒక మనిషికి నేను చేసిన అన్యాయం కూడా చెబుతాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది సగం అందులోనే ఉంది.

రెండు ఫ్యాన్లు

డెబ్బైల్లో సంగతి. అప్పటికి పాతబస్తీ దేవిడీల్లో, అంటే నవాబుల పాత బంగళాల్లో, పెద్ద పెద్ద అమెరికా కార్లు దుమ్ము పట్టి పడి ఉండేవి. వాటికి క్లచ్చు ఉండదు. క్లచ్చు లేని బండి అంటే మన మెకానిక్కులకు దయ్యాన్ని చూసినంత భయం. ఊళ్లో ఆ పెట్టెలను ధైర్యంగా విప్పేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటే, అందులో ఖాదర్ ఉస్తాద్ ఒకడు. కార్వాన్‌లో ఆయన షెడ్డు. చదువు నాలుగో తరగతి. పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు, విప్పి నేర్చుకున్నది.

నేను బస్సుల వర్క్‌షాపులో కొన్నేళ్లు క్లచ్చు ప్లేట్లు మార్చి, ఇక ఇదే జీవితమా అని విసిగి ఆయన దగ్గర చేరాను. చేరిన రోజు నాకు ఆటోమేటిక్ గేరు అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పేశాడు.

"రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుంగ పెట్టు. ఒక్కదాన్ని ఆన్ చెయ్. దాని గాలికి రెండోది గూడ తిరుగుతది గదా? గంతే. ఇంజనుకు ఒక ఫ్యాను, చక్రాలకు ఒక ఫ్యాను. నడుమ గాలి బదులు నూనె."

కన్వర్టర్ అనే ఆ డబ్బా గురించి అంతకంటే తేలిగ్గా చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. బ్రేకు పట్టి ఉంచితే రెండో ఫ్యాను ఆగిపోతుంది, మొదటిది మాత్రం నూనెను చిలుకుతూ తిరుగుతూనే ఉంటుంది. అయితే దానికీ ఒక హద్దుంది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఇంజను ఒక వేగం దగ్గర ఆగిపోతుంది, ఆపైన పోదు. ఆ వేగాన్ని స్టాల్ అంటాం. ఆ చిలికిన శ్రమంతా ఎక్కడికి పోతుంది? వేడిగా మారి నూనెలోకే పోతుంది.

ఈ చివరి ముక్క నాకు చెప్పినా ఎక్కలేదు. క్లచ్చు బుర్ర కదా. క్లచ్చు బండిలో ఇంజను ఎంత గట్టిగా తిరిగితే అంత దూకుడు, వదిలేముందు ఎంతసేపు తిప్పినా ఇబ్బంది లేదు. షెడ్డులో ఒక కారు స్టాల్ ఎంతో చూడమంటే, బ్రేకు తొక్కి, యాక్సిలరేటరు మొత్తం అదిమి, సూదిని చూస్తూ కూర్చున్నాను. పది లెక్కపెట్టానో పదిహేనో. ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు. నూనె మట్టం చూసే పుల్ల బయటికి లాగి నా ముక్కు కింద పెట్టాడు.

"ఏం వాసన?"

"మాడిన వాసన, ఉస్తాద్."

"ఇంట్ల అన్నం మాడితే మీ అమ్మ ఊకుంటదా?"

"ఊకోదు."

"నేను గూడ ఊకోను. విప్పు."

పెట్టె మొత్తం నాతోనే విప్పించాడు, ఒక్కో ప్లేటూ కడిగించాడు, మళ్లీ నాతోనే బిగించాడు. నాలుగు రోజులు పట్టింది. నా జీవితంలో నాలుగు లెక్కపెట్టేంతకన్నా ఎక్కువసేపు స్టాల్ పట్టింది అదే ఆఖరు. పిల్లలూ, ఇది మొదటి సంగతి. తిట్టే ఉస్తాద్ దొరికితే వదులుకోకండి. నవ్వుతూ తన చేతులతో బాగుచేసి ఇచ్చేవాడి దగ్గర పని రాదు.

సేఠ్, సాయిలు

కార్వాన్‌లోనే లారీలు తిప్పే రంగనాథ్ సేఠ్ అని ఉండేవాడు. ఒక దేవిడీవాళ్లు అమ్మేసిన అమెరికా కారును కొని ఉస్తాద్ షెడ్డుకు తోలుకొచ్చాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఆటోమేటిక్ గేరు. సికింద్రాబాద్‌లో ఆయనకొక స్నేహితుడు, అతని దగ్గర ఒక క్లచ్చు కారు. ఏ బండి ముందు పోతుందని ఇద్దరికీ ఎప్పుడూ పోటీ. ఊరి బయట వాడకంలో లేని పాత రన్‌వే మీద పావుమైలు తోలి తేల్చుకుందామని మాట అనుకున్నారు. ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు అక్కడ తోలుకోవడానికి సేఠ్ ఎవరినో పట్టుకుని అనుమతి తెచ్చాడు.

సేఠ్ మనసు మంచిది. కాకపోతే ఎవరు ముందు మాట్లాడితే వాళ్ల మాట నమ్మే రకం. అలాంటి యజమాని దగ్గర పనిచేసేటప్పుడు మన నోరు జాగ్రత్తగా ఉండాలి. నేను ఉండలేదు.

కారు తోలడానికి తన లారీ డ్రైవర్లలోంచి సాయిలును పెట్టాడు. మాదన్నపేట మనిషి, నాకంటే ఐదారేళ్లు చిన్న. మాట తక్కువ. లారీని కూడా గిన్నెలో పాలు తొణకనట్టు తోలేవాడు. నన్ను "కిష్టన్నా" అనేవాడు. బ్రేకుకు సాయం చేసే బూస్టరు ఆ కారులో ఎప్పుడో పాడైంది, ఎంత వెతికినా దొరకక తీసి పక్కన పడేశాం. అంటే ఎనిమిది సిలిండర్లు నెడుతుంటే బండిని ఆపాల్సింది అతని ఎడమకాలు ఒక్కటే. ఆ మాట అతను ఎన్నడూ అనలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు.

ఎంత మీద వదలాలో తేల్చే పని ఉస్తాద్ నాకు అప్పగించాడు. డ్యాష్‌బోర్డు మీద ఇంజను వేగం చూపే మీటరు బిగించాను. ముందు స్టాల్ చూశాను. పంతొమ్మిది వందలు. ఇక అక్కడి నుంచి కిందికి వెతకాలి. మరీ తక్కువలో వదిలితే బండి నిద్రలేచినట్టు బద్ధకంగా కదులుతుంది. మరీ ఎక్కువలో వదిలితే టైర్లు ఉన్నచోటే తిరిగి రబ్బరు కాలుతుంది, బండి కదలదు. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒకచోట బండి నేలను పట్టుకుని లేస్తుంది. అది వెతకాలి.

నా పూజ

నాకొక అలవాటుండేది. బండి తీసేముందు అందరూ ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. నేను ఈ కారుకు వెనక చక్రాల కింద పెట్టేవాణ్ని. నెట్టేవి అవి కదా, మొక్కాల్సింది వాటికే అని నా లెక్క. కొబ్బరికాయ కూడా అక్కడే కొట్టి, నీళ్లు చెరిసగం రెండు టైర్లకూ పోసి, పసుపు కుంకుమ చల్లేవాణ్ని. ఆ కాసేపు ఉస్తాద్ బీడీ ఆర్పి, పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. కొబ్బరిముక్క ఇస్తే తీసుకుని తినేవాడు.

ఆదివారానికి నాలుగు పరుగులు. పరుగుకూ పరుగుకూ మధ్య బానెట్ ఎత్తి నూనె చల్లారనిచ్చేవాళ్లం. ఆ చివర ఉస్తాద్ ఒక గడియారం, ఈ చివర నేనొక గడియారం. మొదటి పరుగు ఎప్పుడూ చెడిపోయేది. ఎంత మీద వదిలినా టైర్లు గిర్రున తిరిగేవి. పొద్దున్నే చల్లటి టైర్లు, చల్లటి నూనె, అంతే అనుకుని ఆ పరుగును నోట్‌బుక్కులో కొట్టేసేవాణ్ని. మిగతా మూడు పరుగులు చక్కగా వచ్చేవి. పన్నెండు వందల మీద బద్ధకం, పద్నాలుగు వందల మీద ఫరవాలేదు, పదహారు వందల మీద బండి నేలను కరుచుకుని పోయేది. నాలుగు ఆదివారాలు అదే వరుస. పదహారు వందలు అని తేల్చేశాను. ఎంత గర్వంగా తేల్చానో నాకే తెలుసు.

నచ్చని పరుగును లెక్కలోంచి కొట్టేయకండి. కొట్టేసేముందు కనీసం ఒక్కసారి, అది ఎందుకు అట్లా వచ్చిందో నిజంగా తెలుసా అని మిమ్మల్ని మీరే అడగండి. నేను అడగలేదు.

నోరు జారింది

పందెం రోజు చాలామంది వచ్చారు. సికింద్రాబాద్ వాళ్లు, కార్వాన్ లారీలవాళ్లు, సేఠ్ చుట్టాలు. ఈసారి మొదటి పరుగు చెడకూడదని నేను ముందే జాగ్రత్త పడ్డాను. రోడ్డు మీద ఐదారు మైళ్లు తోలించి టైర్లనూ నూనెనూ వేడిచేయించాను. బండిని గీత మీద నిలబెట్టాం. నిమ్మకాయలు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను, టైర్లకు నీళ్లు పోశాను. జెండా ఊగింది.

సాయిలు బ్రేకు వదిలాడు. వెనక టైర్లు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. ఇంజను అరిచింది. బండి పక్కకు జారి, సర్దుకుని కదిలేసరికి సికింద్రాబాద్ కారు ఎక్కడో ఉంది.

సేఠ్ ముఖం మాడిపోయింది. "ఏమైంది కిష్టయ్యా?" అని నన్ను అడిగాడు. అందరూ నావైపు చూస్తున్నారు. టైర్లు వేడిగా ఉన్నాయి, నూనె వేడిగా ఉంది, అంకె నేను తేల్చిన అంకె. ఇక మిగిలింది మనిషి.

"సూది రెండువేలు దాటింది సేఠ్. నేను పదహారు వందలు చెప్పిన. ఈయన కాలు ఆగలే."

సాయిలు అప్పుడే బండి దిగాడు. "లేదు సేఠ్. సూది పదహారు వందల మీదనే ఉండె. నా కండ్లతోని చూసిన."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెప్పకు సాయిలూ. నేను చెవులతోని ఇన్న. నా చెవులు అబద్ధం చెప్తయా?"

అతను నావైపు ఒకసారి చూసి తలుపు వేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

నా చెవులు అబద్ధం చెప్పలేదు, నా బుద్ధి చెప్పింది. నేను విన్న అరుపు బ్రేకు వదిలాక టైర్లు జారినప్పటిది. బ్రేకు తొక్కి ఉన్నంతసేపూ ఆ ఇంజను పంతొమ్మిది వందలు దాటదని షెడ్డులో కొలిచింది నేనే. రెండువేలు దాటిందని అంతమందిలో చెప్పిందీ నేనే. పట్టుబడ్డవాడికి నోరెక్కువ.

సేఠ్ మర్నాడే సాయిలును కారు మీదినుంచే కాదు, లారీ మీదినుంచి కూడా దింపేశాడు. పందెం బండిలో కాలు వణికినోడు అని కార్వాన్ అంతా పాకింది. డ్రైవరుకు ఆ పేరు వస్తే ఇంకెవరు బండి ఇస్తారు? ఒకరిద్దరిని అడిగాడట, వాళ్లు నవ్వి పంపేశారట. ఆ తర్వాత మాదన్నపేట మార్కెట్లో మూటలు మోస్తున్నాడని విన్నాను. అయ్యో అనుకున్నాను. అయ్యో అనుకోవడం తేలిక.

మైల పట్టిన ఆదివారం

రెండో పందెం అడగాలని సేఠ్ పట్టుదల. సాయిలు స్థానంలో తన బావమరిదిని కూర్చోబెట్టాడు. మళ్లీ ఆదివారాలు మొదలయ్యాయి. మొదటి పరుగు మళ్లీ జారడమే. పద్నాలుగు వందలకు తగ్గించాను, జారింది. పన్నెండు వందలకు తగ్గించాను, జారింది. బావమరిది కాలు కూడా వణుకుతోందని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇద్దరు మనుషుల కాళ్లు ఒకేలా వణకవు కదా.

ఆ వారంలోనే మా పెదనాన్న పోయాడు. మైల పదకొండు రోజులు. పనికి మైల లేదు గానీ పూజకు ఉంది. ఆ ఆదివారం నిమ్మకాయ పెట్టలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. పొద్దున్నే, చల్లటి టైర్లతో, చల్లటి నూనెతో, పన్నెండు వందల మీద మొదటి పరుగు. ఒక్క టైరు కూడా జారలేదు. రెండో పరుగు నాకు ఇష్టమైన పదహారు వందల మీద. ఎప్పుడూ నేలను కరుచుకునే బండి, ఆరోజు కొద్దిగా జారింది.

నేను గీత దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని నేలను చేత్తో తడిమాను. దుమ్ము, పొడి తారు. ఇన్ని వారాలూ ఆ దుమ్ములో కొబ్బరినీళ్లు పోసి, పసుపు చల్లి, నిమ్మకాయ గుజ్జు చేసి, దానిమీద టైరు నిలబెట్టాను. అది జారక ఏంచేస్తుంది? ఆ తర్వాత ఎండకు ఆ నీళ్లు ఆరి జిగురు పట్టేది. ఆ జిగురు మీద రెండో పరుగు, మూడో పరుగు. మొదటి పరుగు ఒకలా అబద్ధం చెప్పింది, మిగతా మూడూ ఇంకోలా అబద్ధం చెప్పాయి. నేను తేల్చిన పదహారు వందలు కొబ్బరినీళ్ల అంకె.

అలా కూర్చుని ఉండగా ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం చూసి నాకు అనుమానం వచ్చింది.

"ఉస్తాద్, నీకు ముందే ఎరికేనా?"

"ఎరిక అని అనను. డౌట్ ఉండె."

"ఎప్పటిసంది?"

"రెండో ఆదివారం సంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె కిష్టయ్యా? నీ కొబ్బరికాయ బంద్ చెయ్ అని నేను చెప్పాలెనా? మతం లొల్లులతోని బస్తీల దినాలు ఎట్లున్నయో నీకు తెల్వదా? నువ్వైతే మంచిగనే తీస్కుంటవ్. ఇనేటోళ్లు?"

నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, నా మీదా. "మాడిన నూనె నా ముక్కు కింద పెట్టినప్పుడు రాని మొహమాటం గిప్పుడు వచ్చిందా?" అన్నాను.

"నూనె నా పని. పూజ నీది."

"టైరు కింది నేల ఎవ్వరిది ఉస్తాద్?"

ఆయన తల దించుకున్నాడు. "అదే తప్పయింది" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆయన మంచితనం, నా మూర్ఖత్వం, రెండూ కలిసి ఒకడి పొట్ట కొట్టాయి. పక్కవాడి పూజనో నమాజునో గౌరవించాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆ గౌరవం కొద్దీ పనిలో తప్పు చూసి ఊరుకుంటే అది గౌరవం కాదు. నెమ్మదిగా పక్కకు తీసుకుపోయి చెప్పాలి. ఆయన చెప్పి ఉంటే నేను అలిగేవాణ్నేమో. అలిగినా వినేవాణ్ని.

మాదన్నపేట

ఆ మధ్యాహ్నమే మార్కెట్టుకు వెళ్లాను. సాయిలు భుజం మీద ఉల్లిగడ్డల మూట ఉంది. దించమని నేననలేదు, అతనూ దించలేదు.

"సాయిలూ, తప్పు నాది. నీ కాలుది కాదు" అని మొత్తం చెప్పాను. కొబ్బరినీళ్లు, మైల, అన్నీ.

విన్నాడు. "గిదంత ఎవ్వరికి చెప్తున్నవన్నా?"

"నీకే."

"నా కాలు నాకు ఎరికలేదా? ఎరికలేనోళ్లకు చెప్పు. ఆ దినం సికింద్రాబాదోళ్లున్నరు, లారీలోళ్లున్నరు. నువ్వు అన్న మాట అందరు ఇన్నరు. ఆళ్లందరి ముంగట చెప్పు." మూట సర్దుకుని ముందుకు పోయాడు.

నేను మరునాడు సేఠ్ ఒక్కడే ఉన్న సమయం చూసుకుని వెళ్లి చెప్పాను. కొబ్బరినీళ్లు అనగానే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"నీ మాట మీద మనిషిని తీసేస్తి గదయ్యా."

"అవును సేఠ్."

"పిలిపిస్త. వస్తడంటవా?"

వచ్చాడు. ఇంట్లో గడవాలి కదా, రాక ఏంచేస్తాడు. లారీ మళ్లీ ఇచ్చాడు సేఠ్, కారు కూడా ఇచ్చాడు. నేను మాత్రం అందరి ముందూ చెప్పాల్సిన మాట చెప్పలేదు. సేఠ్‌కు చెప్పాను కదా, అతని పని అతనికి వచ్చింది కదా అని నన్ను నేనే బుకాయించుకున్నాను. సిగ్గు అడ్డం వచ్చింది, అంతే. సాయిలు నన్ను ఏమీ అడగలేదు. నాతో మాట్లాడటం మానేశాడు. నేను పక్కనే ఉన్నా, "ఉస్తాద్, ఆయనను పానా ఇయ్యమను" అనేవాడు. ఒకే బండి మీద వారాల తరబడి అలా పనిచేశాం. తిడితే బాగుండు అనిపించేది.

పక్క సీటు

పూజ నేను మానలేదు. షెడ్డు గడప దగ్గరే చేసి, టైర్లు గుడ్డతో తుడిచి, అప్పుడు రన్‌వేకు తీసుకుపోవడం మొదలుపెట్టాం. మళ్లీ మొదటి నుంచి వెతకాలి. మొదటి ఆదివారం సాయిలు సీట్లో కూర్చుని ఉస్తాద్‌తో అన్నాడు. "ఉస్తాద్, అంకెలు చెప్పేటాయనను ఒక్కపారి నా పక్కకు కూసోమను."

కూర్చున్నాను. ఇన్నాళ్లూ గీత పక్కన గడియారం పట్టుకుని నిలబడ్డవాణ్నే తప్ప, ఈ బండి లేచేటప్పుడు లోపల ఉన్నవాణ్ని కాను. పదహారు వందలు పట్టమన్నాను. కుడికాలు నెమ్మదిగా అదిమాడు. బండి మొత్తం ముక్కు దించి వణకడం మొదలైంది. నేను సూదిని చూశాను. సరిగ్గా పదహారు వందల మీద, గోడకు కొట్టిన మేకులా ఆగింది. ఆ తర్వాత అతని ఎడమకాలు చూశాను. పెడల్ మీద మోకాలి దగ్గర్నుంచి మడమ దాకా గడగడా వణుకుతోంది. మెడనరాలు ఉబ్బాయి. వీపు సీటుకు ఆనించి ఒళ్లంతా బరువు ఆ కాలి మీద వేశాడు. సూది మాత్రం కదల్లేదు.

అతని కాలు నిజంగానే వణుకుతుంది. నేను చెప్పిన అంకె మోయడానికి వణుకుతుంది. ఇన్ని వారాలూ బయట నిలబడి ఆ అంకె చెబుతూ, దాన్ని పట్టుకునేది ఒక మనిషి కాలు అని నేను ఒక్కసారైనా అనుకోలేదు.

అంత బలంగా తొక్కిన కాలు తటాలున పైకి రాదు. బ్రేకు కొంచెం ఈడుస్తూ వదిలింది, బండి ఒక ఊపు ఊగి లేచింది. తర్వాతి పరుగుకు నేను అంకె చెప్పలేదు. "నువ్వే చూడు సాయిలూ" అన్నాను. పన్నెండు వందలు దాటాడు, పదమూడు, పద్నాలుగు వందల దగ్గర ఆగాడు. కాలు నిలకడగా ఉంది. మూడు లెక్కపెట్టేలోపు వదిలాడు. కాలు చురుగ్గా లేచింది, బండి జారలేదు, ఊగలేదు, మమ్మల్ని సీట్లకు నొక్కిపెట్టి పోయింది.

అప్పుడు నాకు ఉస్తాద్ ఫ్యాన్ల లెక్క పూర్తిగా అర్థమైంది. ఇది క్లచ్చు కాదు. బ్రేకు వదిలి యాక్సిలరేటరు మొత్తం తొక్కిన మరుక్షణం కన్వర్టరే ఇంజనును తనకు కావాల్సిన వేగానికి లేపుకుంటుంది. గీత దగ్గర రెండు వందలు తక్కువ పట్టినందుకు పోయేది దాదాపు ఏమీ లేదు. నేల పట్టు తప్పినా, కాలు ఆలస్యంగా లేచినా పోయేది చాలా ఎక్కువ. ఆరోజు నాలుగు పరుగుల్లోనూ రెండు గడియారాలూ ఒకే మాట చెప్పాయి. పద్నాలుగు వందలు. ఈసారి ఒక్క పరుగు కూడా కొట్టేయలేదు.

రెండో పందెం

వచ్చినవాళ్లు దాదాపు ముందువాళ్లే. జెండా ఊగింది. సికింద్రాబాద్ కారు రబ్బరు కాలుస్తూ అరిచింది. మా బండి పెద్దగా చప్పుడు లేకుండా లేచింది. సగం దూరానికి ముందుకొచ్చి, చివరిదాకా అలాగే ఉండి, ఒక బానెట్టంత తేడాతో గీత దాటింది. లారీలవాళ్లు ఈలలు వేశారు. సేఠ్ ఉస్తాద్‌ను కావలించుకున్నాడు.

బండి తిరిగి వచ్చి ఆగింది. సికింద్రాబాద్ కారు యజమాని దగ్గరికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "బండి అదే గదా సేఠ్? డ్రైవర్‌ను మార్చినట్టున్నవ్" అన్నాడు. సేఠ్ నావైపు చూసి నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వి ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. సాయిలు సీట్లోనే ఉన్నాడు, అద్దం దించి ఉంది, చూపు ఎటో ఉంది.

"డ్రైవర్‌ను మార్చలే" అన్నాను. దగ్గి, మళ్లీ గట్టిగా చెప్పాను. "మొన్న తోలింది గూడ ఈ సాయిలే. మొన్న ఆయన కాలు ఆగలే అని నేను మీ అందరి ముంగట చెప్పిన. అది అబద్ధం. కాలు బరాబర్ ఆగింది. నేనే టైర్ల కింద కొబ్బరినీళ్లు పోసి జారగొట్టి, తప్పు ఆయన మీదకు నూకిన. ఇయ్యాల ఎంత మీద వదలాలన్నది గూడ నేను చెప్పలే. ఆయనే తేల్చిండు."

లారీలవాళ్లలో ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. చెమటకు నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. తల ఎత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయాను. ఉస్తాద్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

సాయిలు తలుపు తీసుకుని దిగాడు. జనం మధ్యలోంచి నడిచి బండి వెనక్కు పోయి, ఒంగి చక్రం చూశాడు. అక్కణ్నుంచే, తల ఎత్తకుండా పిలిచాడు.

"కిష్టన్నా, ఎడమ టైరుల గాలి తక్కువున్నట్టున్నది. జర చూడు."

గేజీ తీసుకుని పోయి అతని పక్కన కూర్చున్నాను. పెట్టి చూశాను గానీ కళ్లలో నీళ్లు నిండి అంకె కనబడలేదు. గేజీ అతని చేతికిచ్చాను. అతనే చదివి చెప్పాడు.